అమ్మ గుండె మందు, థైరాయిడ్: నా అనుభవం

గుండె లయ తప్పుతున్నదని అమ్మకు అమియోడరోన్ మొదలుపెట్టినప్పుడు, ముందుగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) పరీక్ష చేయించి, ఆరు నెలలకొకసారి మళ్ళీ చేయించాలని గుండె డాక్టరుగారు మందుల చీటీ మీదే రాసిచ్చారు. తొలి పరీక్షలో తేడా ఏమీ లేదు. ఆరు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 20 దాటింది, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాయిడ్ హార్మోన్) తగ్గింది, అంటే థైరాయిడ్ మందగించింది. అప్పటికే అమ్మకు మలబద్ధకం, చలి, ఎప్పుడూ మగతగా ఉండడం మొదలయ్యాయి.

చూడవచ్చిన బంధువులు క్యాబేజీ, కాలీఫ్లవర్ మానిపించమన్నారు. గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడే పదార్థాలు వాటిలో ఉన్నమాట నిజమే గానీ, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, వండుకుని మితంగా తినే కూరను తప్పుపట్టడం నాకు సబబనిపించలేదు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) కాగితం మీద లెక్క వేసి చూపించారు: 200 మిల్లీగ్రాముల అమియోడరోన్ మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, అందులో ఏడు మిల్లీగ్రాముల దాకా ఒంట్లో విడుదలవుతుంది, పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములే. అంత అయోడిన్ వచ్చిపడితే గ్రంథి హార్మోన్ తయారీని ఆపేస్తుందనీ, ఆరోగ్యంగా ఉన్న గ్రంథి కొద్ది రోజుల్లో తేరుకుంటుందనీ, అమ్మలాగా యాంటీ టీపీఓ (సొంత థైరాయిడ్ మీదికే ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీలు) ఎక్కువగా ఉన్నవారిలో తేరుకోలేకపోవచ్చుననీ ఆయన ఎంతో ఓపికగా వివరించారు.

గుండె మందు ఆపనక్కరలేదని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెప్పారు. గుండెకు శ్రమ కాకుండా తగ్గిన థైరాయిడ్ హార్మోన్‌ను భర్తీ చేసే థైరాక్సిన్ మాత్రను 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి, కాఫీ గంట తర్వాతే. లేవగానే ఫిల్టర్ కాఫీ తాగే అమ్మకు ఆ గంటే అన్నిటికన్నా కష్టమైంది. క్యాల్షియం థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వదు గనుక, నాలుగు గంటలకు తగ్గకుండా ఎడం ఉండాలని క్యాల్షియం మాత్రను రాత్రికి మార్చాం. ఐరన్ మాత్రకూ ఇదే నియమం. జుట్టు కోసం వాడే బయోటిన్ గ్రంథికి హాని చేయకపోయినా, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఫలితాన్ని తారుమారు చేయగలదు కాబట్టి పరీక్షకు రెండు రోజుల ముందే ఆపించాం.

మోతాదు మార్చినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాం. టీఎస్‌హెచ్ క్రమంగా దిగివచ్చింది, మగత వదిలింది. అమియోడరోన్ కొందరిలో థైరాయిడ్‌ను అతిగా పనిచేయించగలదు గనుక, బరువు తగ్గినా, చేతులు వణికినా, గుండె దడ హెచ్చినా వెంటనే రమ్మన్నారు. అమియోడరోన్ కొవ్వులో పేరుకుని, ఆపేశాక కూడా నెలల తరబడి ఒంట్లో నిలిచి ఉంటుంది. కాబట్టి రేపు ఆ మందు మాన్పించినా ఈ పరీక్షలు కొంతకాలం కొనసాగుతాయి.