నాయన బీపీ మాత్రలు

హ్యూస్టన్‌లో ఐసీయూ నర్సుగా ఏడేళ్లు చేశాక నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు అప్లై చేశాను. అంటే రోగులను చూసి మందులు కూడా రాయగలిగే నర్సు. తోటివాళ్లంతా ఒకటే మాట: "అక్యూట్ కేర్ తీసుకో, నీ అనుభవమంతా అక్కడే కదా!"

ఈ చదువులో దారి ముందే ఎంచుకోవాలి. ఫ్యామిలీ, పెద్దలు-వృద్ధులు, పిల్లలు, నవజాత శిశువులు, మహిళలు, మానసిక ఆరోగ్యం. పెద్దల్లో, పిల్లల్లో మళ్లీ రెండు: ఆసుపత్రిలో సీరియస్‌గా ఉన్నవాళ్లను చూసే అక్యూట్, క్లినిక్‌కు వచ్చేవాళ్లను ఎప్పటికప్పుడు చూసుకునే ప్రైమరీ. మన దగ్గర నర్సును ఈ నెల లేబర్ వార్డులో వేస్తారు, వచ్చే నెల సర్జికల్‌లో. ఇక్కడ అలా కుదరదు. తర్వాత మనసు మారితే మళ్లీ కోర్సు, మళ్లీ క్లినికల్ గంటలు (రోగుల దగ్గర చేసే శిక్షణ), మళ్లీ పరీక్ష. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

అప్పుడే నాయన గుర్తొచ్చాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు మీదికొచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది. నాయన బీపీ మాత్రలు, డాక్టరు చీటీలు బురదలో పోయాయి. ఇల్లు కడుక్కోవడం, బియ్యం, బట్టలు చూసుకోవడంతోనే నెలలు గడిచాయి. మాత్రల ఊసే ఎవరూ ఎత్తలేదు. "నాకేమైందమ్మా, తలనొప్పి కూడా లేదు" అనేవాడు నాయన. నేనప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. బీపీ నొప్పి తెలియకుండానే కిడ్నీలోని సన్న రక్తనాళాలను పాడుచేస్తుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. ఇంట్లో మాత్రం గట్టిగా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నాలుగేళ్లకు కాళ్లు వాచాయని పెద్దాసుపత్రికి తీసుకుపోతే, కిడ్నీలు అప్పటికే పోయాయన్నారు. ఆ తర్వాత డయాలసిస్. నేను అమెరికా వచ్చిన రెండో ఏడు నాయన పోయాడు.

ఐసీయూలో నా చేతికొచ్చే పేషెంట్లలో చాలామంది అలాంటివాళ్లే. అంతా అయిపోయాక వస్తారు. అందుకే పెద్దలు-వృద్ధుల ప్రైమరీ కేర్ తీసుకున్నాను. ఫోన్‌లో అమ్మ, "రాత్రి డ్యూటీలుండవా? అయితే అదే తీసుకో" అంది.

క్లినికల్ గంటల కోసం పక్కన పెట్టుకుని నేర్పే ప్రిసెప్టర్ దొరకడం చదువుకన్నా కష్టమైంది. ఇరవై క్లినిక్‌లకు ఫోన్ చేశాను. ఈ దారిలోకి రావాలనుకునే చెల్లెళ్లు ఆ పని ముందే మొదలుపెట్టండి. రాష్ట్రం రూల్సు కూడా చూసుకోండి. టెక్సస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి, అరిజోనాలో అక్కర్లేదు.

పోయిన నెల మా క్లినిక్‌కు ఒక ట్రక్కు డ్రైవరు వచ్చాడు. బీపీ 178/104. మూడు నెలలుగా మాత్రలు మానేశాడట, "బాగానే ఉన్నాను" అన్నాడు. ఎందుకు మానేశారని నెమ్మదిగా అడిగితే, ఒక మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకు బండి ఆపాల్సి వస్తోందన్నాడు. ఆ మాత్ర మార్చి, ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాను. వారం తర్వాత ఒక కవరు నిండా తెచ్చి బల్ల మీద పోశాడు. ఒక్కో డబ్బా తీసి, ఏది దేనికో చెబుతూ కూర్చున్నాను.