బీపీ వెనక వియత్నాం

అమెరికాలో మాజీ సైనికుల క్లినిక్‌లో పనిచేసే మాకు లంచ్ టైంలో వీడియో క్లాసులుంటాయి. సగం క్లాసులు స్లయిడ్లు చదివి వినిపించే రకం; లైసెన్సు నిలుపుకోవడానికి కావాల్సిన క్రెడిట్ల కోసం కూర్చుంటాం, అంతే. కేసు ముందు పెట్టి చర్చించేవి మాత్రం వదలను.

మొన్నటిది 1991 గల్ఫ్ యుద్ధానికి వెళ్లొచ్చిన వాళ్ల గురించి. ఏళ్ల తరబడి ఒళ్లు నొప్పులు, నీరసం, మతిమరుపు, కడుపులో తేడా; రక్తపరీక్షలు చూస్తే నార్మల్. 'అంతా మీ భ్రమ' అని పంపేయకూడదు, అలాగని ఓపియాయిడ్ల (అలవాటుపడిపోయే గట్టి నొప్పి మందుల) మీద ఏళ్లకేళ్లు నెట్టుకురాకూడదు. ముందు ఎక్కడ పనిచేశారు, ఏ పొగ పీల్చారు అని అడగాలి. డ్యూటీలో విషపదార్థాల బారినపడ్డ మాజీ సైనికులకు వైద్యం, పరిహారం అందించే 2022 నాటి పాక్ట్ చట్టం వచ్చాక ఈ ప్రశ్నలు కనీసం 5 ఏళ్లకోసారి అడగడం మా డ్యూటీలో భాగం.

ఆ మధ్యాహ్నమే వియత్నాంలో పనిచేసిన ఒక పెద్దాయన వచ్చారు. ఎప్పటినుంచో బీపీ. ఆ యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల మీద చల్లిన ఆకులు రాల్చే మందు ఏజెంట్ ఆరెంజ్ వల్ల వచ్చినట్టు లెక్కగట్టే జబ్బుల్లో ఆ చట్టం బీపీని కూడా చేర్చిందని చెప్పాను. "నాకెవరూ చెప్పలేదే!" అన్నారు, కాస్త కోపంగానే. మందులేం మార్చలేదు. పరిహారానికి ఎలా దరఖాస్తు చేయాలో కాగితం మీద రాసిచ్చాను.