అమ్హారిక్ రాయడానికి ఫాంటు సులువు, కీబోర్డే అసలు పని

ఇథియోపియా నుంచి వచ్చి మాతో కలిసి పనిచేస్తున్న సహోద్యోగి ఒకరు తన కంప్యూటరులో అమ్హారిక్ రాసుకునే ఏర్పాటు చేసిపెట్టమని ఈ మధ్య నన్ను అడిగారు. ఏళ్ల తరబడి తెలుగు ఫాంట్లతోనూ కీబోర్డులతోనూ తిప్పలు పడిన అనుభవం ఉండటంతో వెంటనే ఒప్పుకున్నాను. తెలుగులో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన భాగం అక్కడ చిటికెలో ముగిసింది. తెలుగులో నేనెప్పుడూ పెద్దగా ఆలోచించని భాగం మాత్రం రెండు సాయంత్రాలు తీసుకుంది. దానికి కారణం ఆ లిపి స్వభావంలోనే ఉంది కాబట్టి ముందు లిపి సంగతి చెప్పాలి.

అమ్హారిక్‌ను గీజ్ లిపిలో రాస్తారు. ఆ అక్షరమాలను వారు ఫిదెల్ అంటారు. మూలాక్షరాలు 33, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు. మన గుణింతం ఎలాంటిదో అదీ అలాంటిదే, కాకపోతే క, కా, కి, కీ అంటూ సాగే వరుస అక్కడ ఏడింటితో ఆగిపోతుంది. ఏడింటిలో ఆరవ రూపాన్ని సాదిస్ అంటారు. అచ్చు లేని పొల్లు హల్లుకూ, చాలా పొట్టిగా పలికే ఒక అచ్చుతో కూడిన హల్లుకూ అదే గుర్తు. ఇటువంటి లిపులను భాషాశాస్త్రంలో అబుగిడా అంటారు. ఆ పేరును భాషాశాస్త్రవేత్త పీటర్ డేనియల్స్ 1990లో ఈ లిపి అక్షరాల పేర్ల నుంచే తీసుకున్నారు. తెలుగును కూడా అబుగిడాగానే లెక్కిస్తారు కనుక, మన లిపి ఏ జాతికి చెందిందో చెప్పే మాట ఇథియోపియా నుంచి వచ్చిందన్న మాట. ఈ విషయం తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

అయితే ఈ రెండు లిపులను కంప్యూటరులోకి ఎక్కించిన తీరు పూర్తిగా వేరు. తెలుగులో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు మరొకటి, పొల్లుకు ఇంకొకటి ఉంటాయి. వాటిని కలిపి ఒత్తుల్ని కింద, గుడుల్ని పైన అమర్చి చూపించే బాధ్యత ఫాంటుదీ, దానికి తోడ్పడే సాఫ్ట్‌వేరుదీ. ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో, 1999లో వెలువడిన 3.0 సంచికలో, గీజ్ లిపికి చోటు దొరికినప్పుడు ఒక్కొక్క గుణింతాక్షరానికీ విడివిడిగా సంకేతాలిచ్చారు. ప్రధాన విభాగం పదహారు ఆధారంగా గల అంకెలలో 1200 నుంచి 137ఎఫ్ వరకు ఉంటుంది; తరువాతి సంచికలలో మరికొన్ని విభాగాలు చేరాయి. మన లిపిలో ‘సెలామ్’ అని రాస్తే ఆరు సంకేతాలు అవుతాయి. పలకరింపుగా వాడే ఆ మాటనే అమ్హారిక్‌లో రాస్తే మూడే. దీని ఫలితంగా ఫాంటుకు అమర్చే పని దాదాపు ఉండదు, సంకేతానికి తగిన బొమ్మను చూపిస్తే చాలు. ఆ అమరిక భారమంతా కీబోర్డు మీద పడుతుంది.

ఫాంటు సంగతి త్వరగా ముగిస్తాను. ఇప్పటి విండోస్‌లో ఎబ్రిమా అనే ఫాంటులో ఈ లిపి ఉంటుంది కాబట్టి అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపించే ప్రమాదం తక్కువ. విస్టాతో వచ్చిన న్యాలా ఫాంటు విండోస్ 10 నుంచి అదనపు ఫాంట్ల కోవలోకి వెళ్లింది. సెట్టింగ్స్‌లోని భాషల జాబితాలో అమ్హారిక్‌ను చేరిస్తే అదీ వస్తుంది. మ్యాక్‌లో కెఫా ఉంటుంది. ఉచితంగా దొరికేవాటిలో నోటో సాన్స్ ఎథియోపిక్, అబిసీనికా ఎస్‌ఐఎల్ రెండూ నమ్మదగినవి. నా ఓటు అబిసీనికాకే, ఎందుకంటే అందులో కలంతో రాసిన చేతిరాత ఒరవడి కనిపిస్తుంది, పొడవాటి వ్యాసం చదివేటప్పుడు కంటికి హాయిగా ఉంటుంది. ఏ ఫాంటు ఎంచుకున్నా ఒక చిన్న పరీక్ష చేయడం మంచిది. చాలా హల్లులకు రెండవ రూపంలో కుడి కాలికి నడుము దగ్గర చిన్న గీత ఉంటుంది, మూడవ రూపంలో అదే గీత పాదం దగ్గర ఉంటుంది. అక్షరాలను మామూలుగా చదివే సైజులో ఉంచి ‘బు’, ‘బి’ అక్షరాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ తేడా వెంటనే తెలియకపోతే ఆ ఫాంటును తెర మీద చదవడానికి వాడకూడదు.

ఇక కీబోర్డు. వందల అక్షరాలను మీటకొకటి చొప్పున పంచడం సాధ్యం కాదు, పైగా మన ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో లాగా హల్లు నొక్కి పక్కన గుడి చేర్చే వీలూ లేదు, ఎందుకంటే గుడి అనేది అక్కడ విడిగా లేనే లేదు. అందుచేత ఇప్పుడే టైపు చేసిన అక్షరాన్ని వెనక్కి తీసుకుని దాని స్థానంలో మరొకటి పెట్టగల ఇన్‌పుట్ పద్ధతి కావాలి. నేను అలా చేయగల కీమ్యాన్ అనే సాఫ్ట్‌వేరును ఎంచుకుని, గీజ్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి అమ్హారిక్ కీబోర్డును అందులో చేర్చాను. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేరుకు ఎం17ఎన్ అనే కీబోర్డుల సంకలనంలోని పద్ధతులను జోడిస్తే ఇదే తరహా అమరిక దొరుకుతుంది. ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఫిదెల్‌గా మారే ఈ పద్ధతికి 1990ల నాటి సెరా అనే లిప్యంతరీకరణ పునాది.

‘సెలామ్’ కొట్టినప్పుడు జరిగేది దగ్గరగా చూడండి. ఎస్ నొక్కగానే సాదిస్ రూపం, అంటే 1235 సంకేతం గల అక్షరం పడుతుంది. వెంటనే చిన్న ఈ నొక్కితే అది చెరిగిపోయి ఆ చోట 1230, అంటే అదే హల్లు మొదటి రూపం వస్తుంది. తరువాత ఎల్, ఏ కలిసి నాలుగవ రూపమైన ‘లా’ అవుతాయి. చివరి ఎం మారకుండా సాదిస్‌గానే నిలిచిపోతుంది. ఐదు నొక్కులకు మూడు అక్షరాలు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటున్నవారి వేళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది, కానీ పెద్ద అక్షరాల దగ్గర జాగ్రత్త అవసరం: పెద్ద టీ కొడితే వచ్చేది ‘ట’ కాదు, గొంతు బిగించి ఫెళ్లున వదిలే ‘త’, పెద్ద ఎన్ కొడితే ‘ణ’ కాదు, ‘ఞ’. వారు తమ భాషను అమరిఞా అంటారు కనుక ఆ పేరు రాయడంలోనే ఈ పెద్ద ఎన్ అవసరం వస్తుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే మనకు లాగా గుడి మాత్రమే పోయి హల్లు మిగలదు, అక్షరం మొత్తం పోతుంది. కోలన్‌ను రెండుసార్లు నొక్కితే వాక్యం చివర పెట్టే నాలుగు చుక్కల అరత్ నెతిబ్ పడుతుంది. పూర్వం మాటల మధ్య పెట్టిన రెండు చుక్కల గుర్తుకు బదులు ఈనాడు అందరూ ఖాళీయే వదులుతారు.

మా సహోద్యోగి దగ్గరున్న పాత ఫైళ్ల దగ్గర మరో చిక్కు ఎదురైంది. తెరవగానే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపించింది. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లలో ఉన్నవి 256 స్థానాలే. ఫిదెల్ మొత్తం అందులో పట్టదు కనుక అక్షరాలను రెండు ఫాంట్లకు పంచడమో ముక్కలుగా చేసి అతకడమో చేసేవారు. పాత డీటీపీ తెలుగు ఫైళ్లతో వేగినవారికి ఈ బాధ కొత్త కాదు. అటువంటి ఫైలుకు కొత్త ఫాంటు ఎంత మంచిది వేసినా ప్రయోజనం లేదు, దాని అసలు ఫాంటు ఏదో తెలుసుకుని యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే.

అన్నీ కుదిరాక ఆవిడ తన పాత ఉత్తరాలలో ‘సెహాయ్’ అనే మాట కోసం వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆ మాటకు సూర్యుడని అర్థం. ఒకే ధ్వనికి ఫిదెల్‌లో ఒకటికి మించిన అక్షరాలుండటమే కారణం: ‘హ’కు మూడు, ‘స’కు రెండు, ఈ మాట మొదట వచ్చే గొంతు బిగించి పలికే హల్లుకు కూడా రెండు. చదివేవారికి అన్నీ ఒకటే, కంప్యూటరుకు మాత్రం దేనికదే వేరు. ఆ మొదటి హల్లును ఒకే నొక్కుతో కొడితే ఒక అక్షరం, రెండుసార్లు నొక్కితే రెండవది పడుతుందని చూపించాను. ఆవిడ అలా ఒక్కొక్క వర్ణక్రమం మార్చి వెతుకుతూ పోతే మూడవ ప్రయత్నంలో ఉత్తరం దొరికింది.