డీజిల్ కారులో పెట్రోల్ పడింది, తాళం మాత్రం తిప్పలేదు

కార్తీకమాసంలో గుడివాడలో పెళ్లి ఉంటే బావ కారు తీసుకుని అమ్మ, అక్క, నేను తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి బయలుదేరాం. డ్యూటీ ఉండి బావ రాలేదు. నాది పెట్రోల్ కారు, ఎనిమిదేళ్లుగా అదే నడుపుతున్నాను. బావది డీజిల్. సూర్యాపేట దాటాక ఒక బంకులో ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, కిటికీలోంచి "రెండు వేలకి కొట్టు తమ్ముడూ" అన్నాను. ఏది కొట్టాలో నేను చెప్పలేదు, ఆ అబ్బాయీ అడగలేదు. ఆ మోడల్ పెట్రోల్‌లోనూ వస్తుంది, చూడ్డానికి రెండూ ఒకటే.

జీరో అయితే చూశాను. మనందరికీ జీరో చూడటం అలవాటు, దాని కింద రేటు ఎవరు చూస్తారు? డబ్బులు కట్టి, తాళం మీద ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో బిల్లు అక్కకి ఇస్తుంటే లీటరు ధర 107 చిల్లర అని కంటపడింది. డీజిల్ అప్పుడు 95 దగ్గర ఉంది. పైన ఎం.ఎస్. అని ఉంది. ఎం.ఎస్. అంటే మోటార్ స్పిరిట్, మన పెట్రోలే. డీజిల్ అయితే హెచ్.ఎస్.డి. అని వస్తుంది. 18 లీటర్ల పైన పడింది, ట్యాంకులో అంతకుముందు ఉన్న డీజిల్ మహా అయితే ఎనిమిది లీటర్లు. నా కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి.

బావకి ఫోన్ చేసి విషయం చెబితే ఆయన ఒక్కటే అడిగాడు, "స్టార్ట్ చేశావా?" అని. లేదన్నాను. "అయితే తాళం తీసి మీ అక్క చేతికిచ్చి నువ్వు కిందికి దిగు" అన్నాడు. కోప్పడలేదు, ఎలా జరిగిందని కూడా అడగలేదు. ఆ ఒక్క మాటే కారుని కాపాడింది. నేను ఇదంతా రాస్తున్నది కూడా ఆ మాట మీ చెవిన వేయడానికే. సెల్ఫ్ కొట్టడం సంగతి అటుంచండి, కీ ఆన్‌లో పెట్టినా చాలా కార్లలో ట్యాంకులోని చిన్న పంపు తిరిగి ఆ పెట్రోల్‌ని ముందుకి తోసేస్తుంది.

బంకులో మాత్రం అందరూ సలహాలిచ్చేవాళ్లే. "ఇంకో ఇరవై లీటర్లు డీజిల్ కొట్టించి వెళ్లిపోండి సార్, కలిసిపోతుంది, ఏం కాదు" అని ఒకాయన చాలా నమ్మకంగా చెప్పాడు. పాతకాలం మెకానికల్ పంపుల మీద బండ్లు నడిపినవాళ్ల మాట అది, అవి కొంత కల్తీని ఓర్చుకునేవి. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లు, అంటే రైల్ అనే ఒకే గొట్టంలో ఒత్తిడితో ఉన్న డీజిల్‌ని ఇంజెక్టర్లు సన్నగా ఇంజిన్లోకి చిమ్మేవి, అలా కావు. అందులో పంపు డీజిల్‌ని 1,600 బార్, కొన్నిటిలో 2,000 బార్ ఒత్తిడికి తీసుకెళ్తుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఆ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, దాని గుండా పోయే డీజిలే దానికి నూనె. మెకానిక్ తర్వాత నా చేతి మీదే చూపించాడు, ఒక వేలి మీద డీజిల్ చుక్క, ఇంకో వేలి మీద పెట్రోల్ చుక్క వేసి రుద్దమన్నాడు. పెట్రోల్ రుద్దుతుండగానే ఆరిపోయి వేలు పొడిబారి తెల్లగా అయింది. డీజిల్ జిడ్డు సబ్బుతో కడిగినా మధ్యాహ్నం దాకా వదల్లేదు. పంపు లోపల ఇనుము మీద ఇనుము రాసుకునే చోట ఆ జిడ్డు లేకపోతే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

బండిని బంకు పంపు దగ్గర నుంచి పక్కకి తొయ్యాలి. దానికీ ఒక పద్ధతుంది. తాళం పూర్తిగా తీసేస్తే స్టీరింగ్ లాక్ అవుతుంది కాబట్టి మళ్లీ పెట్టి మొదటి గాటు వరకే తిప్పాం, మీటర్ లైట్లు వెలగకుండా, న్యూట్రల్‌లో వేసి. ఆటోమేటిక్ బండి అయితే ఎక్కువ దూరం తొయ్యకుండా పైకెక్కించుకుని తీసుకెళ్లే వ్యాన్ పిలిపించడం మంచిది. బంకు మేనేజర్ కూడా వచ్చి చెయ్యి వేశాడు. అమ్మకి కుర్చీ వేసి టీ ఇచ్చారు. ఆ అబ్బాయి మొహం చూస్తే జాలేసింది, నష్టం వాడి జీతంలో కోస్తామంటుంటే నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే డీజిల్ అన్న మాట నేనూ అనలేదు కదా. అమ్మనీ అక్కనీ విజయవాడ బస్సెక్కించాను, వాళ్లు ముహూర్తానికి అందుకున్నారు.

వ్యాన్ రావడానికి గంటన్నర పట్టింది. సూర్యాపేటలో షెడ్‌కి చేరాక మెకానిక్ అడిగింది కూడా అదే, "సెల్ఫ్ కొట్టారా సార్?" అని. లేదంటే, "అయితే సాయంత్రానికి వెళ్లిపోతారు" అన్నాడు. ముందు బ్యాటరీ టెర్మినల్ విప్పాడు. బండిని ఆరుబయటకి తోయించి చేతి పంపుతో ట్యాంకు మొత్తం ఖాళీ చేశాడు, చుట్టుపక్కల ఎవర్నీ బీడీ ముట్టించనివ్వలేదు. ఈ పని మాత్రం ఇంటి దగ్గర పైపు పెట్టి నోటితో లాగి చెయ్యొద్దు. డీజిల్ కలిసినంత మాత్రాన పెట్రోల్ ఆవిరి అంటుకునే గుణం పోదు, నోటితో లాగేటప్పుడు ఆ పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. తర్వాత కాస్త డీజిల్ పోసి ట్యాంకు కడిగి, దాన్నీ తీసి, డీజిల్ ఫిల్టర్ కొత్తది వేసి, లైన్లో గాలి తీశాడు. రెండు సార్లు సెల్ఫ్ కొట్టాక మూడోసారికి స్టార్ట్ అయింది. వ్యాన్‌తో కలిపి తొమ్మిది వేలు దాటింది.

ఆ షెడ్‌లోనే పక్కన ఇంకో కారు ఉంది. దాంట్లోనూ పెట్రోలే పడింది, కాకపోతే వాళ్లకి తెలియక పన్నెండు కిలోమీటర్లు నడిపారట. మొదట పికప్ తగ్గిందట, తర్వాత టకటకమని చప్పుడు, తర్వాత చెక్ ఇంజిన్ లైట్, చివరికి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. విప్పిన పంపు, నాలుగు ఇంజెక్టర్లు, కామన్ రైల్ గొట్టం ఒక గుడ్డ మీద పరిచి ఉన్నాయి. ఫిల్టర్ గిన్నె వంచి అడుగున మిగిలిన నూనెని ఎండలో పెడితే సన్నటి వెండి పొడి మెరిసింది. పంపు లోపలి లోహమే అరిగి అలా వచ్చింది, అదే పోయి ఇంజెక్టర్లలో కూరుకుంటుంది. ఎస్టిమేట్ లక్ష దాటింది. ఆ కారు ఓనరు బల్ల మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇన్సూరెన్స్ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి. మామూలు పాలసీలో ఇలాంటి నష్టానికి డబ్బులు రావడం కష్టం. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే మాత్రం టోయింగ్, కొన్నిటిలో ట్యాంకు ఖాళీ చేయించడం కూడా ఉంటాయి. పెట్రోల్ బండిలో డీజిల్ పడితే పొగ, మొరాయింపు, ప్లగ్గులు పాడవడం ఉంటాయి గానీ మామూలుగా ఇంత నష్టం ఉండదు, అయినా స్టార్ట్ చేయకపోవడమే మంచిది. బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధనలు) డీజిల్ బండ్లలో చాలావాటికి, పొగని శుభ్రం చేసే యూరియా ద్రావణం (డెఫ్) పోయడానికి నీలం మూతతో ట్యాంకు వేరే ఉంటుంది. ఆ ద్రావణం డీజిల్ ట్యాంకులో పోస్తే పెట్రోల్ కంటే ఘోరం, లోపల ఉప్పులా గడ్డకడుతుంది.

ఇప్పుడు నేను బండి దిగి, పంపు దగ్గర నిలబడి, డబ్బు చెప్పడానికి ముందు "డీజిల్" అంటాను, నా పెట్రోల్ కారుకైతే "పెట్రోల్" అంటాను. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్ ఒకసారి విప్పి చూపించమన్నాడు మెకానిక్. పోయిన వారం బావా నేనూ కలిసి ఇక్కడే తెలిసిన షెడ్‌లో విప్పించాం. అడుగున ఉన్న డీజిల్‌ని తెల్ల గుడ్డ మీద ఒంపి ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాం. పసుపు మరక తప్ప ఏమీ లేదు. బావ ఆ గుడ్డ మడిచి పక్కన పడేసి, "పద, టీ తాగుదాం" అన్నాడు.