ఫ్రీజర్‌లో పురుగు, గ్రూపులో నా పరువు

పోయిన ఆదివారం మా డెక్ రెయిలింగ్ మీద నల్లటి పెంకుపురుగు కనిపించింది. ఒంటి నిండా తెల్ల మచ్చలు, ఒంటికంటే పొడవు మీసాలు. నాకు చెమటలు పట్టాయి. అచ్చం ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్‌లా ఉంది, మేపుల్ లాంటి చెట్లను లోపల్నుంచి తొలిచి చంపే పురుగు అది. అమెరికాలో మసాచుసెట్స్‌లో మేముండే ష్రూస్‌బరీ, పక్కనున్న వూస్టర్ దాని వల్ల క్వారంటైన్‌లో ఉన్నాయి. ఇక్కడి నుంచి కట్టెపుల్ల బయటికి తీసుకెళ్లాలన్నా ఆంక్షలే. 2008లో దాన్ని వూస్టర్‌లో మొదట గుర్తించి చెప్పింది అక్కడుండే ఓ మామూలు మనిషే. అప్పటికే అది ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉంది, 30 వేలకు పైగా చెట్లు కొట్టేశారు. అదే 2010లో బోస్టన్‌లో తొందరగా దొరికితే పురుగు పట్టిన ఆరు చెట్లతో సరిపోయింది.

ఇలాంటిది కనిపిస్తే సీసాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచమని ఈ పురుగు సంగతి చూసే ప్రభుత్వం వాళ్లు చెప్పారు, ఉంచాను. "ఒరేయ్, గోంగూర డబ్బా పక్కనా!" అని అమ్మ గొడవ. ఫొటోలు తీసి వాళ్లకు కబురు పెట్టే ఆన్‌లైన్ ఫారం నింపడానికి పది నిమిషాలు పట్టింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను కాలనీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, "అందరూ మీ మేపుల్ చెట్లు చూసుకోండి" అని పెద్దరికం చేశాను. ఆ రాత్రి యాభై మెసేజ్‌లు. ఒకాయన పిల్లల్ని పెరట్లోకి పంపొద్దా అని అడిగాడు. అది చెట్లను తింటుందండీ, పిల్లల్ని కాదు!

టెన్షన్‌లో చెట్లు కొట్టే కంపెనీ ఒకదాన్ని కూడా పిలిచాను. అతను మా మేపుల్ చుట్టూ ఒక్కసారి తిరిగి, కాండం మీద రంధ్రాలు చూపించి, "అయిపోయింది సార్, 2,800 డాలర్లు, వెంటనే కొట్టేయాలి" అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వబోయాను. మా ఆవిడ ఆపింది. "ఏమండీ, ఆ ప్రభుత్వం వాళ్లు వచ్చి చూసేదాకా ఆగలేరా?"

గురువారం వాళ్ల ఇన్‌స్పెక్టర్ బైనాక్యులర్స్‌తో వచ్చింది. సీసా చేతిలోకి తీసుకుని నవ్వింది. "రెక్కలు మొదలయ్యే చోట, మధ్యలో చిన్న తెల్ల చుక్క కనబడుతోందా?" కనబడుతోంది. "ఇది సాయర్ బీటిల్, ఇక్కడి పురుగే. పైన్ చెట్లది." పక్కింటాయన కంచె దగ్గర పేర్చిన పైన్ దుంగల వైపు చూపించింది. అసలుదైతే నున్నగా మెరుస్తుందట, ఆ చుక్క ఉండదట. మరి రంధ్రాలు? వరసగా గీత గీసినట్టున్నాయి కదా, అవి వడ్రంగి పిట్ట జాతి పక్షి పొడిచినవి. బీటిల్ రంధ్రం గుండ్రంగా ఉంటుంది, పెన్సిల్ పెడితే లోపలికి దిగుతుంది. పెన్సిల్ ఇచ్చి నన్నే పెట్టి చూడమంది. అర అంగుళం కూడా దిగలేదు. పక్కింటాయన కంచె మీదుగా చూస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు బోర్డు దగ్గర లెక్క రాక నిలబడ్డట్టు నిలబడ్డాను.

పోతూ పోతూ ఆవిడ, "కబురు చేయడం మంచిదే, పది తప్పుడు కబుర్లొచ్చినా ఫరవాలేదు" అంది. నిజంగా పురుగు ఉంటే చెట్టు వాళ్లే ఉచితంగా తీసేస్తారట. 2,800 అడిగినవాడు ఆ ముక్క ఎందుకు చెప్పలేదో! మీరు మాత్రం ముందు ఫారం నింపండి. కంపెనీని పిలవకండి, గ్రూపులో అసలు పెట్టకండి.

గ్రూపులో సారీ చెప్పాను. "అన్నా, మా ఇంట్లో దోమ ఉంది, ఫొటో పంపనా?" అని అప్పుడే ఒకడు మొదలుపెట్టాడు. ఆ చెట్ల కంపెనీవాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఈ వారం బుక్ చేసుకుంటే 200 తగ్గిస్తాడట.