తలంటు రోజు బనీను

రెండో శనివారం. మా అబ్బాయికి స్కూలు సెలవు. నేను ఆటోనగర్ షాపుకి పదింటికి వెళ్ళినా నడుస్తుంది. అమ్మ పొద్దున్నే నువ్వుల నూనె గిన్నెని వేడినీళ్ళలో పెట్టి, పెరట్లో పీట వేసి మనవణ్ణి పిలిచింది. 2016 పుష్కరాలప్పుడు వాడికి ఐదేళ్ళు. పద్మావతి ఘాట్‌లో చెడ్డీతో నీళ్ళలోకి దిగి, బయటికి రానని ఊరంతా వినేలా ఏడ్చాడు. ఇవాళ బనీను విప్పమంటే విప్పలేదు.

"నూనె మరకలు పోవురా, తియ్యి."

"తలకి రాయి చాలు నాన్నమ్మా. ఒంటికి నేను రాసుకుంటా."

"నీ కొడుక్కి సిగ్గొచ్చిందిరోయ్!" అని అమ్మ నావైపు చూసి నవ్వింది. వాడు నవ్వలేదు. పీట మీద మోకాళ్ళు ఛాతీకి ఆనించి ముడుచుకు కూర్చున్నాడు.

అక్కడితో వదిలేసేవాణ్ణే. కానీ ఒకటి తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. ఇంత ఉక్కలోనూ ఇంట్లో బనీను మీద చొక్కా వేసుకుంటున్నాడు. చెవినొప్పి అని స్విమ్మింగ్ మానేశాడు. స్కూలు బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకుంటున్నాడు. అది ఫ్యాషన్ అనుకున్నాను నేను.

బూట్లు కొనాలన్న వంకతో బండి మీద బీసెంట్ రోడ్డుకి బయల్దేరదీశాను. ఇలాంటి మాటలకి బండిని మించింది లేదు, ఒకరి మొహం ఒకరికి కనిపించదు. బందరు కాలువ వంతెన దాటుతుండగా వెనకనుంచి అడిగాడు.

"నాన్నా, మగాళ్ళకి కూడా బ్రెస్ట్ క్యాన్సర్ వస్తుందా?"

బండి పక్కకి తీసి ఆపేశాను. ఛాతీకి ఎడమవైపు చర్మం కింద రేగిపండంత గట్టిగా తగులుతోందట, బ్యాగు పట్టీ ఒరుసుకుంటే నొప్పట. మూడు నెలలుగా! ఫోన్‌లో వెతికితే సగం చోట్ల క్యాన్సరని, మిగతా సగం చోట్ల 'పది రోజుల్లో మాయం' అనే నూనె అని వచ్చిందట. ఆ నూనెకి ఆర్డర్ కూడా పెట్టాడు, డబ్బులు ఇంటికొచ్చాక ఇచ్చేలా. ఎవరిస్తారనుకున్నాడో మరి.

కోపం రాలేదు. నేను చదువుకున్నదీ అలాంటి వైద్యమే. గుంటూరు నుంచి పాసింజర్లో పాలిటెక్నిక్‌కి వచ్చే రోజుల్లో పట్టాల పక్క గోడలన్నీ అవే రాతలు: ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన డాక్టరుగారు ఉంటారు, నరాల బలహీనత, నిద్రలో వీర్యం పోవడం, అన్నిటికీ గ్యారంటీ. చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమని క్లాసులో అందరం నమ్మాం. అది ఒంట్లో రోజూ తయారయ్యేదేననీ, ఆ వయసులో నిద్రలో పోవడం మామూలేననీ చెప్పిన మనిషి ఒక్కడూ లేడు. ఈ భయానికి 1960లోనే ఎన్.ఎన్.విగ్ అనే మానసిక వైద్యుడు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఇలాంటి ప్రకటనలు చెల్లవని 1954లోనే చట్టం వచ్చింది. గోడలకి మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

సాయంత్రం సూర్యారావుపేట తీసుకెళ్ళాను, చిన్నప్పుడు వాడికి టీకాలు వేసిన పిల్లల డాక్టరు దగ్గరికే. టోకెన్ 23. గోడల నిండా జిరాఫీ స్టిక్కర్లు, చుట్టూ చంటిపిల్లల ఏడుపులు. నాకంటే రెండంగుళాలు తక్కువున్న మనిషి వాళ్ళ మధ్య కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడ్డాడు.

డాక్టరుగారు తెర లాగి ఛాతీ చూశారు. ఏమైనా మందులు వాడుతున్నాడా, జిమ్ పౌడర్లేమైనా తింటున్నాడా అని అడిగారు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది.

"ఇది క్యాన్సర్ కాదయ్యా. గైనకోమాస్టియా అంటారు, మగవాళ్ళ ఛాతీలో రొమ్ము కణజాలం పెరగడం. ఈ వయసు మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఎంతోకొంత వస్తుంది. నీ క్లాసులో ముప్పైమంది ఉంటే లెక్క వేసుకో."

మగవాళ్ళ ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉంటుందట. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పూర్తిగా అందుకునేలోపు కొన్నాళ్ళు ఆ రెండిటి లెక్క తప్పుతుంది, అందుకే ఈ గడ్డ. మామూలుగా ఆరు నెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే కరిగిపోతుంది. మందు అక్కర్లేదు, నూనె అసలే అక్కర్లేదు. ఇంకా పెరుగుతూ పోయినా, నీరు కారినా, రెండేళ్ళు దాటినా రమ్మన్నారు. వాడు లోపల మనసులో క్లాసు లెక్క వేసుకుంటున్నాడని మొహం చూస్తేనే తెలిసింది.

టేబుల్ మీద దారానికి గుచ్చిన పూసలున్నాయి, చిన్నదాని నుంచి పెద్దదాకా పన్నెండు. పిల్లల ఆటవస్తువనుకుని చేతిలోకి తీసుకున్నాను. డాక్టరుగారు నవ్వారు. వృషణాల సైజు పోల్చి చూసే సాధనమట అది. ఒక్కో పూస మీద 1 నుంచి 25 దాకా మిల్లీలీటర్ల అంకెలు. 4 అంకె దగ్గరికొస్తే మగపిల్లాడికి యుక్తవయసు మొదలైనట్టు లెక్క. గొంతు మారడం, మీసాలు రావడం, ఎత్తు సాగడం అన్నీ ఆ తర్వాతే. మొదటి గుర్తు మీసమని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. పూసల్ని మర్యాదగా ఉన్నచోటే పెట్టేశాను.

లేవబోతుంటే వాణ్ణి మళ్ళీ కూర్చోమన్నారు. "ఒక్కటి గుర్తుంచుకో. కింద వృషణంలో హఠాత్తుగా భరించలేని నొప్పి వస్తే, వాంతి వచ్చినట్టుంటే, అర్ధరాత్రయినా సరే నాన్నని లేపు. లోపల తాడు మెలిపడి రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తే దాన్ని దక్కించుకునే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది."

నా ఒళ్ళు జలదరించింది. పాలిటెక్నిక్ హాస్టల్లో నా పక్కమంచం వాడు ఒక రాత్రంతా దిండు కొరుక్కుంటూ పడుకున్నాడు. కడుపునొప్పి అన్నాడు, అరటిపండు తినమన్నాం. మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఒకటి తీసేశారు. అసలు సంగతి నాకు చెప్పింది వాడి పెళ్ళి కుదిరాక, అదీ నేను అడిగితేనే. ఒకటున్నా చాలు, ఇద్దరు పిల్లలు వాడికి. కానీ ఆ రాత్రి సిగ్గు పడకపోయి ఉంటే రెండూ ఉండేవి.

తిరిగొస్తూ ఏలూరు రోడ్డులో బండి దగ్గర పునుగులు తిన్నాం. నూనె ఆర్డర్ వాడే రద్దు చేశాడు, నాకు స్క్రీన్ చూపించి మరీ.

"నీకూ ఇలా వచ్చిందా నాన్నా?"

చాలాసేపు చట్నీ కలిపాను. "వచ్చింది. రెండు సైజులు పెద్ద చొక్కాలు కుట్టించుకునేవాణ్ణి."

"ఎవరికి చెప్పావు మరి?"

"ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే."

వాడు నా వైపు చూసి, చివరి పునుగు నన్నడక్కుండానే నోట్లో వేసుకున్నాడు. బండెక్కేముందు బ్యాగు తీసి వీపుకి తగిలించుకున్నాడు. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం బనీను మీద చొక్కా అలాగే ఉంది.