రాత్రి తిననే లేదు, పొద్దున 168 ఎక్కడిది?

మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల గుంటలు చేస్తాం. నాకు షుగర్ బయటపడి రెండేళ్లయింది. రాత్రి నాలుగైదుసార్లు ఒంటేలుకి లేవడం, ప్యాంట్లు వదులైపోవడం, ఇదంతా గుంట నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర నిద్ర చాలకేమో అనుకున్నా. పరీక్ష చేయిస్తే పరగడుపున 212.

మాత్రలు పడ్డాక తగ్గింది గానీ పొద్దున రీడింగ్ మొండికేసింది. పడుకునేముందు 130, లేచేసరికి 168. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏం ముట్టలేదే! దొంగతనంగా తింటున్నానని మా ఆవిడకి అనుమానం. ఆ రోషంతో, డాక్టరమ్మని ఒక్క మాట అడక్కుండా, రాత్రి అన్నం మానేసి మాత్ర మాత్రం వేసుకున్నా. తెలివంటే అదీ!

మూడో రాత్రి ఒంటిగంటప్పుడు గట్టు మీద ఉన్నా. చలికాలం, అయినా చొక్కా తడిసిపోయేంత చెమట, చేతుల వణుకు, గుండె దడ, టార్చిలైటు జారి గుంటలో పడింది. కాపలా పిల్లోడు "అన్నా, నీ మాట తేడాగా ఉందన్నా" అని టీ కోసం పెట్టుకున్న చక్కెర మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాపించాడు. మిషన్‌లో చూస్తే 52. పావుగంటకి 84.

పొద్దున్నే వెళ్తే డాక్టరమ్మ ముందు తిట్టి, తర్వాత చెప్పింది. లివర్ గాదె లాంటిదట. తిన్నప్పుడు గ్లూకోజ్‌ని గ్లైకోజెన్‌గా దాచుకుని, తిండి లేని గంటల్లో కొంచెం కొంచెంగా వదులుతుంది. క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ ఆ గాదె తలుపు మూస్తే, ఆ క్లోమం నుంచే వచ్చే గ్లూకగాన్ తెరుస్తుంది. తెల్లవారుజామున కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి తలుపు ఇంకాస్త తెరిపిస్తాయి, నాలాంటి వాళ్ల లివరేమో ఇన్సులిన్ మాట సరిగా వినదు. నా 168 అక్కడిది, వంటింట్లోది కాదు! ఇక నా గ్లిమిపిరైడ్ మాత్ర, మనం తిన్నామా లేదా అని చూడకుండా క్లోమంతో ఇన్సులిన్ వదిలిస్తుందట. ఆ రాత్రి చెమట, వణుకు అడ్రినలిన్ వల్ల, షుగర్ పడిపోతోందని ఒళ్లు చేసిన గోల.

మాత్ర మోతాదు ఆవిడే తగ్గించింది. రాత్రి ఏడున్నరకల్లా కొంచెం అన్నం, చేపల పులుసు (అదైనా మిగిలింది నాకు), ఆపైన గట్టు చుట్టూ అరగంట నడక. నడిచే కండలు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయట. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి మొదట్లో 10.4, పోయిన నెల 6.8. పొద్దున రీడింగ్ ఇప్పుడు 120 చుట్టూ ఆడుతోంది.

చొక్కా జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ పొడి పొట్లం ఉంటుంది. మొన్న అది చిరిగి జేబు నిండా చీమలు, మా ఆవిడకి మళ్లీ అనుమానం.